దానపత్రము – దాని లెక్క

భూదానోద్యమమును గూర్చి మనవారు వ్రాసిన వ్రాతలలో స్తోత్రమే విశేషముగ గానవచ్చును, విమర్శనము తక్కువ. దాతను లెక్క యడుగుట మర్యాద కాదను భావ మొకటి మనలో గలదు. ఇల్లాలు పాలలెక్కను గోడపై గీతలు గీసి యుంచును. పాలవానిపై ననుమానముచే గాదు. నెలాఖరున మాట తేడా రాకుండుటకు. అట్టి గీతలు భూదానమునకు చాలినన్ని లేకపోవుటయే మా యాక్షేపణము.

1951వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన నల్లగొండ జిల్లా పోచంపల్లిలో హరిజనులు వినోబా భావేగారి యెదుట నిలిచి 80 ఎకరముల భూమి గోరిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరము లిచ్చెదనని సభలో పలికిరి. కొన్ని వారములలోనే తెలంగాణమున 12,201 ఎకరములు దానముగ వచ్చెను. సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతములలో సాయుధపోరాటపు మంట యింకను చల్లారని దినములవి. భయమును దయయు గలసి యిచ్చిన దానమైనను మేము తప్పుపట్టము. ఇచ్చిన చేయి యే కారణమున కదలినను, పుచ్చుకొన్నవానికి భూమి భూమియే.

పంపకమునకు వినోబాజీ యేర్పరచిన పద్ధతి చక్కనిది. అది గ్రామసభలో అందరి యెదుట, భూమిలేనివారి సమ్మతితో జరుగవలెను. మూడవవంతు హరిజనులకు జెందవలెను. ఇచ్చుటయం దింత వెల్లడి గోరినవారు పుచ్చుకొనుటయందు నంత జాగ్రత్త పడవలసినది. దానపత్రముపై సంతకమైనంతనే చప్పట్లు మ్రోగెను. సర్వే నంబ రేది, ఎల్ల లేవి, తాకట్టు గలదా, కౌలుదా రెవడైన దున్నుచున్నాడా, అది నాగలి దిగని రాతినేలయా యను ప్రశ్నలు తరువాతివారి పాలబడెను.

1956 నవంబరులో పళనియందు వినోబాజీ తంత్రముక్తి, నిధిముక్తి యని ప్రకటించి, భూదానసమితులను విడిచి, గాంధీ స్మారకనిధి సొమ్మును వదలుకొనిరి. మహాత్యాగమే! కాని సొమ్మును వదలుట వైరాగ్యము. పద్దుపుస్తకమును చూచువారిని గూడ వదలుట వైరాగ్య మెట్లగును? సమితి లేనిచో పేదవాడు తన పట్టాకై యెవరి గడప త్రొక్కవలెను? ఆ మహనీయునియెడ మాకు గల గౌరవ మీ ప్రశ్న నడ్డగింపజాలదు.

1965 నాటి ఆంధ్రప్రదేశ్ భూదాన గ్రామదాన చట్టము బోర్డును, తహసీలుదారు విచారణను నిర్దేశించినది. పొందినవాడు భూమి నన్యాక్రాంతము చేయరాదని కట్టడి చేసినది. అంతలో 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల ముఖము మార్చెను. ఆముదము, జొన్న పండిన చెలకలు వరిమళ్లయ్యెను. మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు లేచెను. సూర్యాపేట, కోదాడల మీదుగా బోవు హైదరాబాదు–విజయవాడ రహదారి ప్రక్క నేలకు వెల పెరిగెను. ఎవరికిని పట్టని చెలకను దానమిచ్చుట సులభము. నీరు చేరిన పిమ్మట, దారి చేరిన పిమ్మట, ఆ దానమును మరచుట యంతకంటె సులభము. దాత మనుమడు కాగితము చూపుమని యడిగిన దినమున కాగితము లేని పేదరాలి గతి యేమి? లెక్క యామెకు కావలెను, చరిత్రకారునికి తరువాత.

2005 నాటి సమాచారహక్కు చట్టము వచ్చినదిగదా యందురు. నిజమే. కాని యాచరణమున నది ముఖ్యముగ నడిగినవారికే యుత్తరమిచ్చును. కూలికి బోవు స్త్రీ దరఖాస్తు వ్రాయించి, ముప్పది దినములు వేచి, వచ్చిన కాగితమును మరల నెవరిచేతనో చదివించుకొనవలెను. కంప్యూటరులోని భూమి పట్టికలును సర్వే నంబరు వంటి వివరములు దెలిసినవానికే దారి చూపును. అడుగకమునుపే చెప్పుట ధర్మసంస్థ పని. సర్కారు నడుగుటకు ముందు మన సేవాసంఘములు, దేవాలయపు అన్నదాన సమితులు, విద్యార్థి సహాయనిధులు తమ పద్దులను తలుపునకు అంటించుచున్నవా యని గూడ చూచుకొనవలెను.

నేడు ఆ యూరిపేరు భూదాన్ పోచంపల్లి. దాత పేరు బడిపిల్లలకు సైతము దెలియును. ఏటేట ఏప్రిల్ 18న సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెలలో ఆ యూరి దానపత్రముల పట్టీని, పొందినవారి పేర్లతోను ఎల్లలతోను, రచ్చకట్టపై చదివించినచో ఖర్చేమి యగును? మండల కార్యాలయపు కాగితమొకటి, పెద్దగొంతుతో చదువగల బాలిక యొకతె చాలును.