ఎర్ర మాత్ర ఇచ్చిన చేయి

1999లో వచ్చిన ‘ది మేట్రిక్స్’ సినిమాలో యంత్రాలు మనుషుల్ని నిద్రలో ఉంచి, కంప్యూటర్ లోకాన్నే నిజమని నమ్మిస్తాయి. ఈ మోసం గురించి చాలామంది మాట్లాడతారు. మమ్మల్ని ఎక్కువగా ఆలోచనలో పడేసింది మాత్రం జోస్యం. రక్షకుడు వస్తాడన్న జోస్యాన్ని నమ్మి మార్ఫియస్, నియోని వెతికి పట్టుకుని, నిజం చూపే ఎర్ర మాత్ర ఇస్తాడు. ఆ జోస్యమూ యంత్రాల ఏర్పాటేనని, నియోకి ముందు అయిదుగురు ఇలాగే వచ్చారని 2003 నాటి రెండో భాగంలో ఆర్కిటెక్ట్ బయటపెడతాడు. తిరుగుబాటుకు కూడా వాళ్లే దారి గీశారన్నమాట!

ఎంచుకునే వీలుందని మనసు లోపలెక్కడో అనిపిస్తే చాలు, నూటికి 99 మంది ఆ లోకాన్ని ఒప్పుకుంటారని కూడా అంటాడు. ముందే రాసి తెచ్చిన తీర్మానానికి గ్రామసభలో చేతులెత్తిన మనవాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

సైఫర్ తోటివాళ్లను చంపిన ద్రోహి, నిజమే. కానీ మార్ఫియస్ అసలు సంగతి చెప్పకుండా మాత్ర మింగించాడన్న అతని ఫిర్యాదుకు సినిమా జవాబు ఇవ్వలేదు. మాకది లోపంగానే తోచింది.

చివర్లో రెండు తలుపులు. ముందువాళ్లు మనుషజాతిని నిలపడానికని చూపిన తలుపులోకే వెళ్లారు. నియో ట్రినిటీ కోసం రెండోది తీస్తాడు. నువ్వేం చేస్తావో మాకు ముందే తెలుసని ఆర్కిటెక్ట్ అంటూనే ఉంటాడు. తెలిసినా ఆపలేకపోయాడు.