మినిట్స్ పుస్తకంలో పనితనం

సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డు మీటింగ్ అంటే పేపర్లో కనిపించేది వాగ్వాదం, వాకౌట్, నీళ్ల గొడవ, రోడ్ల గొడవ. అదంతా సద్దుమణిగాక మిగిలేది మినిట్స్ పుస్తకం ఒక్కటే. నేనిక్కడ మెచ్చుకోబోయేది ఏ సభ్యుణ్నీ, ఏ అధికారినీ కాదు. ఆ పుస్తకాన్ని, దాన్ని అలా రాయించే చట్టాన్ని.

ఊరి సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. నిజాం సికందర్ జా పేరు పెట్టుకుని 1806లో పుట్టిన ఈ దండు ఊళ్లో పౌర ప్రాంతం 1945లో విడివడి మునిసిపాలిటీ అయింది. 1960లో అది హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. సైన్యం చేతిలో మిగిలిన భాగమే ఇప్పటి కంటోన్మెంట్: తిరుమలగిరి, బొల్లారం, కార్ఖానా, పికెట్, రసూల్‌పురా. విస్తీర్ణం దాదాపు 40 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల ప్రకారం జనాభా 2 లక్షలకు పైనే. ఇక్కడ మేయరు ఉండడు. అధ్యక్షుడి కుర్చీలో కూర్చునేది స్టేషన్ కమాండర్.

2006 నాటి కంటోన్మెంట్ల చట్టం 50 వేల జనాభా దాటిన కంటోన్మెంటుకు 16 మందితో బోర్డు ఏర్పాటు చేసింది. జనం ఎన్నుకునేవాళ్లు 8 మంది. అటువైపూ 8 మందే: స్టేషన్ కమాండర్, కలెక్టరు లేదా ఆయన తరఫు మేజిస్ట్రేటు, ముఖ్య కార్యనిర్వహణాధికారి (సీఈవో), హెల్త్ ఆఫీసరు, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ముగ్గురు సైనికాధికారులు. ఓట్లు సమానమైతే అధ్యక్షుడికి రెండో ఓటు. తక్కెడ సమంగానే కనిపిస్తుంది, ముల్లు ఎటు మొగ్గాలో మాత్రం ముందే రాసిపెట్టారు. ఈ తూకం నాకు నచ్చదు. కానీ ఇలాంటి తూకం పెట్టిన చట్టమే రాత విషయంలో అంత పట్టుదలగా ఎందుకుందో అర్థం కావాలంటే ముందు ఇది తెలియాలి.

ఇక ఎజెండా. బోర్డు ఎజెండాలో ఒక అంశం రాయడమనేది ఆఫీసు గుమస్తాలు తరాలుగా నేర్చుకున్న పని. పైన ఒక్క వాక్యంలో విషయం. దాని కింద ఇదే విషయంపై గతంలో బోర్డు చేసిన తీర్మానం నంబరు, తేదీ. ఆ తర్వాత ఇప్పటిదాకా జరిగిందేమిటి, ఏ సెక్షన్ కింద అడుగుతున్నాం, ఖర్చు ఏ పద్దులోంచి అన్నవి వరసగా వస్తాయి. చివర సంబంధిత కాగితాలు బల్లమీద పెట్టామన్న ఒక మాట. దాని కింద తీర్మానం వచ్చి చేరుతుంది.

ఒక గల్లీలో పాత నీళ్ల పైపు మార్చాలనుకుందాం. 'పైపులైను మార్చుట గురించి' అని రాసి వదిలేస్తే సభ్యులు అరగంట వాదించుకుని వచ్చే నెలకు వాయిదా వేస్తారు. చేయి తిరిగినవాడు ఏ మలుపు నుంచి ఏ మలుపు దాకా, ఎన్ని మీటర్లు, అంచనా ఎంత, గతంలో ఎప్పుడు ఒప్పుకుని ఎందుకు ఆపారు అన్నదంతా పది వరసల్లో పెడతాడు. ఇక సభ్యుడికి మిగిలేది అవునో కాదో చెప్పడమే. పైగా కంటోన్మెంటుకు నీళ్లు మెట్రో వాటర్ బోర్డు నుంచి టోకున వస్తాయి. పైపు ఎవరిది, నీళ్లు ఎవరివి, బిల్లు ఎవరు కట్టాలి అన్నది ఆ పది వరసల్లోనే తేలకపోతే తర్వాత ఏ ఆఫీసు చుట్టూ తిరిగినా తేలదు.

తీర్మానంలో క్రియాపదం దగ్గర మరింత జాగ్రత్తగా చదవాలి. 'పరిశీలించి ఆమోదించడమైనది' అంటే పని కదులుతుంది. 'గమనించడమైనది' అంటే అందరూ విన్నారు, ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు. ఫలానా అధికారి ఫలానా తేదీలోగా నివేదిక ఇవ్వాలని రాస్తే వచ్చే నెల అడగడానికి ఒక మనిషి దొరుకుతాడు. వార్డు మెంబర్లలో ఆరితేరినవాళ్లు ఉపన్యాసం మానేసి ఈ ఒక్క మాట కోసం పట్టుబడతారు.

చట్టంలో నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించే చోటు ఇంకోటి ఉంది. చాలా సభల్లో మినిట్స్‌ను వచ్చే సమావేశంలో చదివి ఖాయం చేస్తారు. ఈలోగా వాక్యాలు ఎంత సాగాలో అంత సాగుతాయి. ఇక్కడ అలా కుదరదు. మీటింగ్ ముగియకముందే అధ్యక్షుడు పుస్తకంలో సంతకం పెట్టాలి. ఓటింగులో ఓడిపోయిన సభ్యుడు కోరితే అతని అసమ్మతిని, దానికి కారణాలను క్లుప్తంగా అదే పుస్తకంలో ఎక్కించాలి. మొహమాటపడే వెసులుబాటు ఎవరికీ లేదు. మీటింగు తలుపులు జనానికి తెరిచే ఉంచాలి. మూసుకోవాలంటే ఎందుకో అధ్యక్షుడు మినిట్స్‌లో రాయాలి. సైనికుల ఆరోగ్యానికో భద్రతకో నష్టమని తోచి బోర్డు నిర్ణయాన్ని ఆయన ఆపదలిస్తే ఆపొచ్చు, కానీ నెలకు మించి కాదు. అప్పుడూ కారణం రాసి పైఅధికారికి పంపాల్సిందే. రెండో ఓటున్న మనిషి చేత కూడా కారణం రాయిస్తుంది ఈ చట్టం. ఈ నిబంధనల్లో చాలావాటికి మూలం 1924 నాటి బ్రిటిష్ చట్టమే. దొరలు తమ సౌకర్యం కోసమే రాసుకుని ఉండొచ్చు, పనితనం మాత్రం పనితనమే.

ఇదే పనితనం వీధుల మూసివేత గురించిన 258వ సెక్షన్లోనూ కనిపిస్తుంది. మల్కాజిగిరి, సఫిల్‌గూడ వైపు కాలనీ సంఘాల వాళ్లకు ఈ నంబరు బాగా తెలుసు. సైన్యానికి చెందిన ఏఓసీ సెంటర్ గుండా పోయే దారుల్లో గేట్లు పడ్డప్పుడల్లా వాళ్లు పట్టుకున్నది దీన్నే. వీధిని శాశ్వతంగా మూయాలంటే భద్రతే కారణం కావాలి, పైవాళ్ల ముందస్తు అనుమతి ఉండాలి, బహిరంగ ప్రకటన ఇచ్చి జనం అభ్యంతరాలు అడగాలి. ఒకటి తప్పినా మూసివేత చెల్లదు. 2018 మేలో రక్షణ శాఖ దేశంలోని కంటోన్మెంట్లలో మూసిన రోడ్లను తెరవమన్నప్పుడు వాదన నిలబడింది ఈ పద్ధతి పాటించారా లేదా అన్నదాని మీదే. తెరిచినవాటిలో కొన్నిటి గొడవ మళ్లీ మొదలైంది, అది వేరే కథ.

పుస్తకం ఎంత బాగా కుట్టినా లోపల రాసేవాళ్లు ఉండాలి కదా. 2015 జనవరిలో ఎన్నికైన బోర్డు గడువు పొడిగింపులతో కలిపి 2021 ఫిబ్రవరిలో ముగిసింది. ఆ తర్వాత అధ్యక్షుడు, సీఈవో, కేంద్రం నామినేట్ చేసిన ఒక పౌరుడు, ఈ ముగ్గురితోనే బోర్డు నడిచింది. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలని ప్రకటించి మార్చిలోనే రద్దు చేశారు. ముగ్గురి మీటింగులో ఎజెండా అదే పద్ధతిలో వస్తుంది, తీర్మానాలూ అదే భాషలో పడతాయి. గల్లీ పైపు కోసం క్రియాపదం దగ్గర పట్టుబట్టే వార్డు మెంబరు మాత్రం ఆ గదిలో ఉండడు. ఎంత మంచి నమూనా అయినా ఈ లోటును పూడ్చలేదు.

అయినా ఒక నిబంధన ముగ్గురి బోర్డుకూ వర్తిస్తుంది. బోర్డు నిర్ణయించిన వేళల్లో, చెప్పిన చోట, కంటోన్మెంటులో ఉండే ఎవరైనా వచ్చి మినిట్స్ పుస్తకం చూస్తామంటే చూపించాలి. బొల్లారం నుంచి రసూల్‌పురా దాకా ఆ సంగతి తెలిసినవాళ్లు ఎందరున్నారో, తెలిసీ వెళ్లి అడిగినవాళ్లు ఎందరో!