మెదడు జబ్బుకు చర్మం సాక్ష్యం

ముప్పై ఏళ్ల మనిషికి ఉన్నట్టుండి చెయ్యి పడిపోతుంది, మాట తడబడుతుంది. బీపీ లేదు, షుగర్ లేదు, గుండెలో లోపం లేదు. ఎంఆర్ఐ తీస్తే మెదడులో రక్తం అందక దెబ్బతిన్న చోటు తెలుస్తుంది. ఎందుకు దెబ్బతిన్నదో మాత్రం చాలాసార్లు ఆ ఫొటోలో ఉండదు. ఇలాంటి రోగుల్లో కొద్దిమందికి తొడల మీద, పిరుదుల మీద, నడుము మీద ఊదారంగు గీతలు అప్పటికే ఏళ్లుగా ఉంటాయి. వాటి గురించి అడిగినవాళ్లూ, వాటిని చూసినవాళ్లూ ఉండరు.

ఆ జబ్బు స్నెడన్ సిండ్రోమ్. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో చర్మవైద్యుడిగా పనిచేసిన ఇయాన్ బ్రూస్ స్నెడన్ 1965లో ఆరుగురు రోగుల వివరాలు ప్రచురించి, చర్మం మీది ఈ గీతలకూ పక్షవాతానికీ ఉన్న సంబంధాన్ని వైద్యలోకం ముందు పెట్టాడు. ఏటా పది లక్షల మందిలో నలుగురికి వస్తుందని అంచనా. ఎక్కువమంది నడివయసు దాటని స్త్రీలు. చాలామందిలో పక్షవాతానికి ఎన్నో ఏళ్ల ముందే గీతలు కనిపిస్తాయి.

ఇంత అరుదైన జబ్బు గురించి సోమందేపల్లెలో మాట్లాడుకోవడం దేనికి? బెంగళూరు హైవే మీద ఉన్న ఈ మండల కేంద్రం 2022 దాకా అనంతపురం జిల్లాలోది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోది. వానలు మొహం చాటేస్తే బస్సు ఛార్జీకీ ఆలోచించే కుటుంబాలున్న కరువు సీమ ఇది. స్కానింగ్‌కు పెద్ద ఊరికి పోవాలి. ఒళ్లు పరీక్షగా చూసే విద్యకు మాత్రం వెలుతురున్న గదీ, ఓపికున్న డాక్టరూ చాలు. చూడడం, తాకడం, తట్టడం, వినడం అనే పాత వైద్య సంప్రదాయంలో చూడడానిదే మొదటి స్థానం. ఈ జబ్బులో దాని విలువ ఇంకా ఎక్కువ.

గీతలు ఎందుకు పడతాయి?

చర్మానికి రక్తం తెచ్చే సన్నని ధమనులు లోపలినుంచి నిటారుగా పైకి వస్తాయి. ఒక్కొక్కటి పైన ఒక చిన్న గుండ్రని చోటుకు రక్తం పోస్తుంది. ఆ గుండ్రాలు కలిసే అంచుల్లో ప్రవాహం మందగిస్తే అక్కడ రంగు ఊదాగా మారుతుంది. చలికి రక్తనాళాలు ముడుచుకున్నప్పుడు ఆరోగ్యవంతులకూ ఇలా అవుతుంది. అప్పుడు ఏర్పడే వల వేరుశనగ కాయ మీది గళ్లలా అంతటా మూసుకుని ఉంటుంది. దుప్పటి కప్పితే పోతుంది.

స్నెడన్ సిండ్రోమ్‌లో ధమనులే అక్కడొకటి ఇక్కడొకటి పూడుకుపోతాయి. అందుకే గళ్లు మూసుకోవు. తెగిన వలయాలు, వంకర కొమ్మలు మిగులుతాయి. వెచ్చబరిచినా పూర్తిగా పోవు. దీన్ని లివిడో రేసిమోజా అంటారు. వియన్నా వైద్యుడు సాలమన్ ఎర్మన్ 1907లోనే దీన్ని మామూలు వలనుంచి వేరు చేసి చూపాడు.

చూసే పద్ధతి

గది వెచ్చగా ఉండాలి, పగటి వెలుతురు పడాలి. ముంజేతులూ పిక్కలూ చూసి ఊరుకుంటే చాలదు. నడుము, పిరుదులు, తొడలు తప్పకుండా చూడాలి. రోగిని కాసేపు నిలబెడితే కాళ్ల మీది గీతలు తేటపడతాయి. ఆడవాళ్లను చూసేటప్పుడు అడ్డంగా తెర, పక్కన నర్సమ్మ ఉండాలి. ఎందుకు చూస్తున్నారో ముందే చెప్పాలి. ఈ మర్యాద కూడా ఆ విద్యలో భాగమే, అది లేనిచోట ఏ తల్లీ చీర తొలగించదు.

చామనఛాయ ఒంటి మీద ఊదా తేటగా తెలియదు. ముదురు గోధుమగానో బూడిదగానో ఉంటుంది. మన పాఠ్యపుస్తకాల ఫొటోలు ఎక్కువగా తెల్లవాళ్లవి. ఈ లోటు తీర్చడానికే లండన్ వైద్యవిద్యార్థి మలోన్ ముక్వెండే 2020లో తన అధ్యాపకులతో కలిసి నల్లని, గోధుమరంగు చర్మాల మీద జబ్బుల గుర్తులు చూపే చిన్న పుస్తకం తెచ్చాడు. అలాంటి ఫొటోల సేకరణ మన వైద్య కళాశాలల్లోనూ జరగాలి.

మన పల్లెల్లో ఇంకో చిక్కుంది. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చునేవారి కాళ్ల మీద సెగకు వలలాంటి గోధుమ మచ్చలు పడతాయి. అవి సెగ తగిలే వైపే ఉంటాయి, వేలితో నొక్కినా అంతగా పాలిపోవు. కాబట్టి వంట దేనిమీద చేస్తారో అడగడం కూడా పరీక్షే.

చూశాక

తెగిన వలయాలు కనిపిస్తే అడగాల్సినవి ఉన్నాయి: తీవ్రమైన తలనొప్పులు వస్తున్నాయా, ఎప్పుడైనా చెయ్యి కాసేపు మొద్దుబారి మళ్లీ సర్దుకుందా, గర్భాలు నిలవకుండా పోయాయా? రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలకు పరీక్ష చేయించాలి. అవి బయటపడితే కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చూసి నిర్ధారించుకోవాలి. పరీక్షకు చర్మం ముక్క తీసేటప్పుడు చెయ్యి సహజంగా ఊదా గీత మీదికే పోతుంది. పూడిన ధమని దొరికేది మాత్రం గీతల నడుమ పాలిపోయిన చోట, లోతుగా తీస్తేనే. ఒక ముక్కతో నాలుగింట ఒక వంతు మందిలోనే జబ్బు బయటపడితే, మూడు ముక్కలతో దాదాపు 80 శాతం మందిలో తెలిసిందని ఒక అధ్యయనం చూపింది.

తెలిస్తే చేయగలిగింది ఉంది. పొగాకు మానిపించవచ్చు, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ఆపవచ్చు, బీపీ అదుపులో ఉంచవచ్చు. రక్తపరీక్షను బట్టి ఆస్పిరిన్ లాంటివో వార్ఫరినో నిపుణులు ఎంచుతారు. చిన్నపిల్లల్లో ఇవే గీతలు, పక్షవాతం కలిసి వస్తే 2014లో గుర్తించిన ఏడీఏ2 అనే ఎంజైమ్ లోపాన్ని తలచుకోవాలి. దాని మందులు వేరు.

ఒక్క హెచ్చరిక. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా గీతలు వెతుకుతూ కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా గడువు నాలుగున్నర గంటలే. చర్మం చూడాల్సింది ప్రాణాపాయం గడిచాక, లేదా అసలు ఏమీ రాకముందు.

చిన్నవయసులో పక్షవాతం వచ్చిన ప్రతి మనిషి కేసు షీటులోనూ "చర్మం చూశాం" అన్న ఒక వరుస ఉండాలి. నూటికి తొంభైతొమ్మిది సార్లు అక్కడ ఏమీ కనిపించకపోవచ్చు. కనిపించిన ఆ ఒక్కరికి రెండో పక్షవాతాన్ని ఆపే అవకాశం దొరుకుతుంది. అందుకు సోమందేపల్లె ఆస్పత్రి కొత్తగా కొనాల్సిన యంత్రమేదీ లేదు.