మాచిపత్రి చేసిన నేరం ఏమిటి?

ఫ్రెంచి కవుల మీద తెలుగులో వచ్చే వ్యాసాల్లో ఒక వాక్యం తరచూ తగులుతుంది. వెర్లేన్ అబ్సింత్ తాగాడు, రేంబో అబ్సింత్ తాగాడు, ఆ పచ్చటి మత్తులోంచే ఆధునిక కవిత్వం పుట్టింది అని. రాసినవారు ఆ సరుకును కళ్ళతో చూశారో లేదో గాని, చదివే మనం తల ఊపుతాం. నేనూ ఒకటి రెండు ఉపన్యాసాల్లో ఈ వాక్యాన్ని ధైర్యంగా వాడుకున్నవాణ్ణే. అందుచేత ఈ వ్యాసంలో మందలింపు ఏమైనా ఉంటే అందులో మొదటి వాటా నాది.

స్విట్జర్లాండులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు పోయిన ఏడు ధర్మపురికి వస్తూ ఒక సీసా తెచ్చాడు. "తాగి చూడు మామా, పచ్చ దేవత కనిపిస్తుందంట" అని నవ్వాడు. గ్లాసులో కొంచెం పోసి, చిల్లుల గరిటె మీద చక్కెర బిళ్ళ పెట్టి, దాని మీద చన్నీళ్ళు బొట్లు బొట్లుగా వదిలాడు. పచ్చటి నీరు చూస్తుండగానే పాలలా తెల్లబడింది. ఇదేదో మంత్రం అనుకునేరు. సోంపు జాతి గింజల నూనె ఘాటైన సారాలో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. నీళ్ళు పడగానే విడిపోయి తెల్లగా కనిపిస్తుంది, అంతే. ఆ పచ్చదనమూ ఆకుల్లోని పసరే. రుచి అంటారా, హోటల్లో బిల్లుతో పాటు ఇచ్చే సోంపును నిప్పులో ముంచి నోట్లో వేసుకున్నట్టుంది.

పక్కన నోటుపుస్తకం కూడా పెట్టుకున్నాను, సిగ్గు విడిచి చెప్తున్నాను. రెండు గ్లాసులయ్యాక తల బరువెక్కింది, మాట పెరిగింది, నిద్ర వచ్చింది. దేవత రాలేదు. మర్నాడు చూస్తే నోటుపుస్తకంలో పాలవాడి లెక్క తప్ప ఏమీ లేదు. తలనొప్పి మాత్రం మధ్యాహ్నం దాకా ఉంది.

అంత పేరు మోసిన ఆ మూలిక ఏమిటని వెతికితే అది మన ఇంటి చుట్టమే అని తేలింది. వినాయక చవితి నాడు ఇరవైయొక్క పత్రుల్లో మొట్టమొదట సమర్పించేది మాచిపత్రి. గుళ్ళో దేవుడి మాలలో మల్లెల మధ్య గుచ్చేది దవనం. ఇక్కడి పూల అంగట్లో మరిక్కొళుందు అని అడగాలి, దవనమంటే అమ్మేవాడికే తెలియదు. అబ్సింత్‌లో వేసే చేదు మొక్క, మాచిపత్రి, దవనం మూడూ ఆర్టిమీసియా అనే ఒకే కుదురువి. మలేరియాకు మందు ఇచ్చిన చీనా మొక్క కూడా ఈ కుదురుదే. ఆ పరిశోధనకు 2015లో తూ యూయూకు నోబెల్ బహుమానం వచ్చింది. ఇంత మంచి కుటుంబంలోని మొక్కకు పిచ్చి పుట్టిస్తుందన్న చెడ్డపేరు ఎట్లా వచ్చింది?

ఆ పేరు తెచ్చినవారిలో ముఖ్యుడు పారిస్ మానసిక వైద్యుడు వాలంటేన్ మాన్యాఁ. 1860ల్లో ఆయన జంతువులకు ఆ మొక్క తైలాన్ని చిక్కగా ఇచ్చి చూశాడు. వాటికి మూర్ఛలు వచ్చాయి. కాబట్టి అబ్సింత్ తాగేవారికి వచ్చేది మామూలు తాగుడు జబ్బు కాదు, వేరే పిచ్చి అన్నాడు. చిక్కటి తైలానికీ, గ్లాసులోని పానీయానికీ ఉన్న దూరాన్ని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. తరువాత 1905 ఆగస్టులో స్విట్జర్లాండులోని కొమ్యున్యీ గ్రామంలో జాఁ లాఁఫ్రే అనేవాడు గర్భవతి అయిన భార్యనూ, ఇద్దరు కూతుళ్ళనూ కాల్చి చంపాడు. ఆ రోజు వాడు లీటర్ల కొద్దీ ద్రాక్షసారా తాగాడు, బ్రాందీ తాగాడు, వీటితో పాటు రెండు గ్లాసుల అబ్సింత్ తాగాడు. దేశమంతా ఆ రెండు గ్లాసులనే పట్టుకుంది. 1908లో ప్రజలే ఓటు వేసి అబ్సింత్‌ను నిషేధించారు. ఫ్రాన్సు 1915లో నిషేధించింది. ద్రాక్షసారాను ఎవరూ ముట్టలేదు. ఫ్రాన్సులో నిషేధం కోరినవారిలో ద్రాక్షతోటల వర్తకులు కూడా ఉన్నారంటే ఆశ్చర్యమేముంది!

నూరేళ్ళ తరువాత శాస్త్రజ్ఞులు నిషేధానికి ముందునాటి పదమూడు సీసాలు సంపాదించి పరీక్షించారు. 2008లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, మూర్ఛలు తెప్పించే థూజోన్ అనే పదార్థం వాటిలో లీటరుకు సగటున 25 మిల్లీగ్రాములు. ఇప్పుడు యూరపులో చట్టం అనుమతించేదే కిలోకు 35. అసలు సారా మాత్రం నూటికి 70 పాళ్ళ దాకా ఉండేది. థూజోన్ ఏదైనా చేసేలోపల మనిషిని సారాయే పడగొట్టేస్తుంది. 2005లో స్విట్జర్లాండు, 2011లో ఫ్రాన్సు తమ నిషేధాలను ఎత్తివేశాయి.

సాహిత్యం చదివేవాళ్ళం పట్టించుకోవలసింది ఇక్కడుంది. సంస్కర్తలు పిచ్చికి ఆకును నిందించారు, కవుల అభిమానులు ప్రతిభకు ఆకును పొగిడారు. ఇద్దరూ సారాను తప్పించారు. రేంబో ఇరవై ఏళ్ళు దాటగానే కవిత్వం మానేశాడు. వెర్లేన్ చివరి దాకా తాగాడు. 1895లో తన ఆత్మకథలో అబ్సింత్‌ను శపించాడు, మరుసటి ఏడు జనవరిలో పోయాడు. తాగుడే కవిత్వం రాయిస్తే ఆ చివరి ఏళ్ళ పుస్తకాలు గొప్పవి కావాలి. గొప్పవి కావని ఫ్రెంచి విమర్శకులే అంటారు.

డెగా బొమ్మ సంగతి ఇంకా విచిత్రం. కాఫీ హోటల్లో ఒక ఆడమనిషి, ముందు గ్లాసు, చూపు ఎటో. 1870ల్లో ఆయన దానికి పెట్టిన పేరు 'కాఫీ హోటల్లో' అనే. 1893లో లండన్ ప్రదర్శనలో దానికి 'అబ్సింత్' అని పేరు తగిలించగానే పత్రికల్లో పెద్ద దుమారం లేచింది. అందులో కూర్చున్నది నటి ఎలెన్ ఆంద్రే, పక్కన చిత్రకారుడు దెబూతేఁ. వాళ్ళు తాగుబోతులు కారని డెగాయే చెప్పుకోవలసి వచ్చింది. పేరు మారేసరికి చూసేవారికి ఆమె అలసట కనిపించలేదు, గ్లాసే కనిపించింది. కవుల విషయంలో మనమూ చేసే పని ఇదే.

ఈ జబ్బు మనకు పారిస్ నుంచి దిగుమతి కాలేదు. దువ్వూరి రామిరెడ్డి గారు పారశీకం నేర్చుకుని ఉమర్ ఖయ్యాంను మూలం నుంచి 'పానశాల'గా తెలుగు చేశారు. ఖయ్యాం పద్యాల మీద ఎప్పటికీ తెగని తగవు ఒకటుంది, ఆ మధువు నిజం మధువా, బ్రహ్మానందమా అని. తగవులో ఎటు నిలబడినా సరే, మధువు మామూలు సారా అయి ఉండడానికి ఎవరికీ మనసొప్పదు. రామిరెడ్డి గారిది నెల్లూరు సీమ. 1992లో సారాకు వ్యతిరేకంగా ఆడవాళ్ళు లేచిన దూబగుంటదీ అదే సీమ. వాళ్ళకు మధువులో ఏ తత్త్వమూ కనిపించలేదు, మొగుడి కూలి డబ్బులు కనిపించాయి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగింది. 'పానశాల'ను నేను తక్కువ చేయడం లేదు, ఆ పద్యాల నడక ఈనాటికీ నాకు ఇష్టమే. కాని ఆ పుస్తకం మీద రాసేవారు దూబగుంటను మరిచి రాస్తే ఆ విమర్శ సగమే.

ఇక మన ఊరి సంగతి. మనవాళ్ళు నాటుసారాను పట్టసారాయం అంటారు, తెల్లతుమ్మ బెరడు వేసి కాచేది గనక. బెరడు వేస్తే ఒంటికి మంచిదని, వేడి చేయదని, బెరడు మంచిదైతే ఏ కీడూ రాదని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. 2008 మే నెలలో కర్ణాటకలోనూ, మన పక్కనే కృష్ణగిరి జిల్లాలోనూ కల్తీ సారా తాగి నూరు మందికి పైగా చనిపోయారు. 2004 దాకా కృష్ణగిరి, హోసూరు మన ధర్మపురి జిల్లాలోవే. అక్కడ పోయినవాళ్ళలో తెలుగు మాట్లాడే ఇళ్ళవాళ్ళు ఉండకపోతారా? ఆ వారం మా వీధి అరుగు మీద ఒక పెద్దాయన "బెరడు పాళ్ళు తప్పి ఉంటుందిలే" అన్నాడు. ఎవరూ కాదనలేదు, నేను కూడా. చంపింది మిథైల్ సారా. అది ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు కంటి నరాన్ని, తరువాత ప్రాణాన్ని తీస్తుంది. బెరడుకు దాన్ని కలిపే శక్తీ లేదు, విరిచే శక్తీ లేదు. 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో 60 మందికి పైగా పోయింది మళ్ళీ ఆ మిథైల్ సారాతోనే. చూపు మందగించగానే ఆస్పత్రికి పరుగెత్తితే బతికే అవకాశం ఉంటుంది. బెరడును నమ్ముకున్నవాడు మాత్రం మజ్జిగ తాగి పడుకుంటాడు.

దేశంలో మొదటి మద్యనిషేధం అమలైంది మన గడ్డ మీదే. హోసూరు దగ్గరి తొరపళ్ళిలో పుట్టిన రాజాజీ ముఖ్యమంత్రిగా 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో దాన్ని మొదలుపెట్టారు. ధర్మపురి, హోసూరు అప్పుడు సేలంలోవే. మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు పాకింది. పారిస్ హోటళ్ళలో ఎవరు ఏ గ్లాసు పట్టుకున్నారో వెతికే మనం ఈ సంగతిని ఒక వ్యాసానికైనా ఎత్తుకోవద్దా? కల్లంగళ్ళు మూతపడిన ఆ రోజుల మీద మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు పాడుకున్న పాటలు, గీతకార్మికుల ఇళ్ళల్లో ఆకలి మీద చెప్పుకున్న మాటలు ఏ ముసలమ్మ నోట మిగిలి ఉన్నా, ఉన్నవి ఉన్నట్టు మన యాసలోనే రాసి ఈ పత్రికకు పంపండి. సీసాలో సగం ఇంకా మా బీరువాలోనే ఉంది. కావలసినవారు వచ్చి వాసన చూసి పోవచ్చు.