చవక స్కోపు, గట్టి గురి

అమెరికా అడవుల్లో జింకల వేటకు వెళ్లే సామాన్యుడి రైఫిల్ మీద తరచూ కనిపించేది 3-9×40 స్కోపు, అంటే మూడు నుంచి తొమ్మిది రెట్ల వరకు పెద్దది చేసి చూపే, 40 మిల్లీమీటర్ల ముందు కటకమున్న గురి దుర్భిణి. చవక రకమే అయినా దాని పనితనాన్ని మెచ్చుకోవాల్సిందే. గురి సర్దే నాబ్‌ను ఒక్క క్లిక్కు తిప్పితే లోపలి మర సన్నటి గొట్టాన్ని వెంట్రుకవాసి నెడుతుంది, ఎదురుగా స్ప్రింగు అదిమి పట్టుకుంటుంది. 100 గజాల దూరంలో గురి జరిగేది దాదాపు పావు అంగుళమే. తుపాకీ ఎన్నిసార్లు వెనక్కి తన్నినా ఆ స్ప్రింగు పట్టు సడలకూడదు. ఖరీదైన అద్దాలు మునిమాపువేళ ఇంకాస్త తేటగా చూపుతాయంటారు. నిజమే. కానీ 40 మిల్లీమీటర్ల కటకమున్న స్కోపును తొమ్మిది రెట్ల నుంచి ఆరు రెట్లకు దించితే కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు 4.4 నుంచి 6.7 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. లోటు చాలావరకు అక్కడే పూడుతుంది. అలాగని చవకవన్నీ ఒకటే కావు. దుకాణం దీపాల కింద అన్నీ బాగానే కనిపిస్తాయి (అమ్మేవాడికి కావాల్సిందీ అదే). అసలు పరీక్ష కాగితం లక్ష్యం మీదే: 20 క్లిక్కుల చొప్పున పైకి, కుడికి, కిందికి, ఎడమకు తిప్పుతూ కాల్చాక, చివరి తూటా మొదటి రంధ్రం పక్కనే పడాలి. పడకపోతే ఎంత తక్కువకు కొన్నా దండగే. గురి తప్పిన తూటాకు జింక చావదు, గాయంతో పొదల్లోకి పారిపోతుంది.