పాము మ్రింగని మనుష్యుడు

మంచి కార్యమునకై వెఱ్ఱి వేడుక చేయవచ్చునా? ఈ ప్రశ్నను మాకు మరల జ్ఞప్తికి దెచ్చినది వన్యమృగములను గూర్చిన టెలివిజన్ కార్యక్రమ మొకటి. 2014వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీని అమెరికాలో డిస్కవరీ ఛానలువారు 'ఈటెన్ ఎలైవ్' అను దానిని ప్రసారము చేసిరి. పాల్ రొసోలీ యను ప్రకృతి పరిశీలకుడు ప్రత్యేకముగా చేయించిన కవచమును తొడిగికొని, పెరూ దేశపు అమెజాన్ అడవిలో అనకొండ యను మహాసర్పముచేత సజీవముగా మ్రింగబడునని ముందుగా చాటింపు వేసిరి. నశించుచున్న యా యడవులవైపు లోకుల దృష్టిని మరల్చుటయే తన యుద్దేశమని యాయన చెప్పెను. ఉద్దేశము శ్లాఘ్యమే, ఉపాయమే శోచనీయము.

జరిగిన దేమి? కవచమునకు పందినెత్తురు పూసికొని యాయన సమీపింపగా, పాము మొదట తప్పించుకొని పోజూచెను. పిదప చుట్టుకొని బిగించెను. చేయి విరుగునట్లున్నదని యాయన మొఱపెట్టగా తోడివారు వచ్చి విడిపించిరి. మ్రింగుట జరుగనే లేదు. రెండుగంటలు కనిపెట్టుకొని కూర్చున్నవారు మోసపోతిమని కోపించిరి.

మా యాక్షేపణము వేఱు. పాము మ్రింగియున్నను మనకు తెలియున దేమి? అనకొండకు విషము లేదు. అది గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. నీటిలో మాటువేసి చేపలను, పక్షులను, కాపిబారాలను పట్టును. పెద్ద జంతువును మ్రింగినచో వారములతరబడి మఱల నాహారము కోరదు. ఇట్టి జీవితములో వింతకు కొదువ యేమి? దీనిని చూపుటకు ఓర్పు కావలెను గాని కవచ మక్కఱలేదు. ఆ కార్యక్రమమును చూచిన బాలుని మనస్సున నిలుచునది మాత్రము, పాము మనుష్యుని మ్రింగజూచు రాక్షసి యను భావమే. పాము కనబడగానే కఱ్ఱ తీయు మన యిండ్లలో ఈ పాఠము కొఱతగా నున్నదా? అడవిని కాపాడ బయలుదేరినవారు అడవిలోని ప్రాణియెడ వెఱపును పెంచిరి.

దీనికి ప్రతిగా 1979లో బి.బి.సి.వారు ప్రసారము చేసిన 'లైఫ్ ఆన్ ఎర్త్'ను తలంచుకొందము. రువాండా కొండలలో డేవిడ్ అటెన్‌బరో గొరిల్లాల నడుమ కూర్చుండి మెల్లగా మాటలాడుచుండగా, పిల్లగొరిల్లాలు తమంతట తామే వచ్చి యాయన బూట్లతో నాడుకొనెను. అక్కడ నెత్తురు పూయలేదు. ఏ మృగమును రెచ్చగొట్టలేదు. అయినను ఆ ఘట్టమును చూచినవారు నేటికిని మఱువలేదు. భయంకరమని పేరుపడిన మృగము సాధువని లోకమునకు తెలిసినది. దానిని కాపాడవలెనను కోరికయు కలిగినది. రొసోలీ కోరినది ఇదియే గదా!

గృహస్థులకు మా విన్నప మొకటి. ఇట్టి కార్యక్రమములను పిల్లలతో కలిసి కూర్చుండి చూడుడు. ముగిసిన పిదప, "ఆ జంతువు నిజముగా నెట్లు బ్రదుకును?" అని యడుగుడు. వారు జవాబు చెప్పగలిగినచో చూచినది విద్య. చెప్పలేనిచో అది గారడీ.