పొద్దు పొడవక ముందే కొండ కింద

మా ఊరు ఐరాల చుట్టుపక్కల గుట్టలెక్కాలంటే పొద్దున తొమ్మిది లోపలే ఎక్కి దిగాలి. ఆ తర్వాత బండ కాగిపోతుంది. మట్టి తక్కువ, రాయి ఎక్కువ ఉన్న సీమ మాది. ఎండ పైనుంచే కాదు, పాదాల కిందనుంచీ కొడుతుంది. లాడ్జిలో నిద్ర లేచి, టిఫిన్ తిని బయల్దేరినవాళ్లు కొండ దగ్గరికి చేరేసరికి పది దాటుతుంది. కారవాన్ అంటే విలాసం అనుకుంటారు చాలామంది. నాకు మాత్రం అది తెల్లవారుజామును సంపాదించిపెట్టే బండి.

మాది పాత టెంపో ట్రావెలర్. వెనక సీట్లు తీయించి పడకకు బల్ల కొట్టించాం. దాని కింద నీళ్ల క్యాన్లు, గ్యాసు పొయ్యి, రాగిపిండి డబ్బా. వెనక తలుపుకు రెండు సైకిళ్లు. రాత్రికి సంగటి, ఊరిబిండి ఉంటే చాలు. తమ్ముడు తోలతాడు, నేను దారి చూస్తాను.

ఇల్లు వెంటబెట్టుకుని పోవడం మనకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో మద్రాసు నుంచి పల్లకీ, డేరాలతో కాశీకి బయల్దేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో నాకు బాగా నచ్చేది గుళ్ల వర్ణన కాదు. దిగడానికి చోటుందా, నీళ్లున్నాయా, అంగళ్లలో సామాను దొరుకుతుందా అని మజిలీ మజిలీకీ రాసుకున్న ఆ శ్రద్ధ. ఈరోజుకీ బండి ఆపేముందు అడగాల్సినవి ఆ మూడు ప్రశ్నలే.

అడగడమే ఇందులో అసలు విద్య. చెరువు కట్ట కింద చింతచెట్టు నీడ కనబడగానే బండి దింపేయకూడదు. ఊళ్లోకి పోయి పెద్దవాళ్లతో ఒక మాట చెప్పాలి. “పెట్టుకో నాయనా, వంకలో మాత్రం దిగబాక” అన్నాడొక తాత. ఆ హెచ్చరిక ఊరికే చెప్పింది కాదు. ఏడాదంతా ఇసుకగా పడి ఉండే వంకలు ఈశాన్య రుతుపవనాల్లో ఒక్క రాత్రిలో పొంగుతాయి. 2021 నవంబరు వానలకు తిరుమలకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి ఎంత దెబ్బతిందంటే, మళ్లీ 2022 మేలో గానీ భక్తులకు తెరవలేదు.

ఆ దారంటే నాకు ప్రాణం. తిరుమల కొండల్లో కింద గ్రానైట్, దానిమీద క్వార్ట్‌జైట్ పొరలు. ఆ రెండు రాళ్లూ ఆనుకునే ఉన్నా, వాటి మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఘాట్ రోడ్డు పక్కన ఆ అతుకు బయటపడి కనిపించే చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. కారులో పోయేవాడికి అది ఒక మలుపు, అంతే. శ్రీవారి మెట్టులో 2,388 మెట్లూ ఎక్కేవాడికి మాత్రం పక్కనున్న రాయి మారడం కంటికి తెలుస్తుంది. చుక్కల చుక్కల గరుకు రాయి పోయి, పొరలు పొరలుగా పేర్చినట్టున్న రాయి వస్తుంది. మా ఐరాల గుట్టలూ ఆ కింది గ్రానైట్ కాలానివే. చిన్నప్పటినుంచీ జారుడుబండగా వాడుకున్నది అంత పాతదని తెలిశాక, దానిమీద కాలు పెట్టే తీరే మారిపోయింది నాకు.

సైకిలుకైతే హార్సిలీ హిల్స్. పీలేరు, వాయల్పాడు, మదనపల్లె మీదుగా బండిలో పోయి, రాత్రికి కింద ఊళ్లో ఆగి, చీకటుండగానే ఎక్కడం మొదలుపెడతాం. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరు హార్సిలీ 1870లో అక్కడ వేసవి బంగళా కట్టుకోవడంతో ఆయన పేరు పడింది. ఎక్కడం కష్టమే గానీ ప్రమాదం లేదు. గేరు తగ్గించి, ఊపిరి అందేంత నిదానంగా తొక్కాలి. జాగ్రత్తంతా దిగేటప్పుడే. బ్రేకు అదేపనిగా పట్టుకుంటే రిమ్ము కాగి ట్యూబు పగులుతుంది. పడుతూ వదులుతూ, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి.

తలకోన జలపాతం దగ్గర మాత్రం బండి మన ఇష్టానికి ఆపే చోటు కాదు. శేషాచలం అడవి ఎర్రచందనం పెరిగే అడవి, అటవీశాఖ కట్టుబాట్లు గట్టివి. ఆ కట్టుబాట్లు ఉండాల్సిందే అంటాను. 270 అడుగుల పైనుంచి పడే నీళ్లు చూడ్డానికి వచ్చి, అడవిలో పొయ్యి వెలిగించి, సీసాలు పారేసి పోయేవాళ్లను చూశాక ఇంకా గట్టిగా అంటాను. మేం అడవి బయట ఊళ్లోనే పడుకుంటాం. ఈ కార్తీకంలో వానలు నిలిచాక అటే ప్రయాణం. గేటు తీసే వేళకు దాని ముందుంటాం.